గెట్టు జరిపే దేశంలో నాలుగు రోజులు

మా జగిత్యాల వైపు ఇంటికొకరు దుబాయ్ పోయి వచ్చినవాళ్ళే. అయినా ఆ దేశం ఎంత ఉంటుందని అడిగితే ఒక్కడూ సరిగ్గా చెప్పడు. "పెద్దగనే ఉంటది సారూ" అంటాడొకడు. "మా రూము పది బై పన్నెండు, అండ్ల పన్నెండుగురం" అంటాడు ఇంకొకడు. ముప్ఫయ్యొక్కేళ్ళు సర్వేయరుగా గొలుసు లాగినవాణ్ణి, కొలత లేని జవాబు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. రిటైరైన ఏడాది, అంటే 2006లో, మా బావమరిది రాజేశం విజిట్ వీసా పంపాడు. "బావా, ఈడ సముద్రంల ప్లాట్లు జేస్తున్రు. ఒకపారి వచ్చి సూసిపో" అన్నాడు. కోతలు కోస్తున్నాడనుకున్నాను. ఆ కోతలేవో కళ్ళారా చూసి పట్టుకుందామనే బయలుదేరాను. సంచిలో మా ఆవిడ పెట్టిన సకినాలు, నేను పెట్టుకున్న కొలత టేపు, హైదరాబాదులో కొన్న మడత నక్షా ఉన్నాయి.

వెళ్ళనివాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. వెళ్ళినవాళ్ళు చదివితే నన్ను చూసి నవ్వుతారు. నవ్వనీ, నవ్వే పనే చేశాను.

బర్ దుబాయ్: నాకంటే చిన్న దేశం

బర్ దుబాయ్‌లో చీరల దుకాణాల వెనక సందులో కడప భాయ్ ఒకాయన మెస్ నడుపుతున్నాడు. ఏడు దిర్హాములకు కడుపునిండా అన్నం, పప్పు, గోంగూర, ఒక చేప ముక్క. ఏడంటే మన ఎనభై పైచిలుకు. మనసులో రూపాయల్లోకి మార్చుకుంటూ తింటే ముద్ద దిగదని రాజేశం ముందే హెచ్చరించాడు. మార్చుకుంటూనే తిన్నాను, రెండోసారి పప్పు కూడా అడిగాను.

ఈ దేశం 1971 డిసెంబరులో పుట్టింది. ఆరుగురు షేకులు చేతులు కలిపారు. ఏడో ఆయన కొన్నాళ్ళు ఆలోచించుకుని మరుసటి ఏడాది వచ్చి చేరాడు. అప్పటికే నాకు పెళ్ళయి కొడుకు పుట్టాడు. నా కొడుకు ఇన్నేళ్ళలో సంపాదించింది ఒక స్కూటరు. ఈ దేశం మాత్రం ఒడ్డున ఉన్నది చాలక సముద్రం వైపు గెట్టు జరపడం మొదలుపెట్టింది. మా దగ్గర ఏ రైతైనా పక్క పొలంలోకి మూరెడు గెట్టు జరిపితే తలలు పగులుతాయి. ఇక్కడ మైళ్ళకు మైళ్ళు జరిపితే దాన్ని చూడడానికి టూరిస్టులు వస్తారు.

రాజేశం గదిలోనే గంగాధర్ పరిచయమయ్యాడు. మెట్‌పల్లి దగ్గరి రాతిమేస్త్రీ, ముప్ఫై దాటని మనిషి. ఇంతకుముందు ఒక ఏజెంటు మోసం చేస్తే బొంబాయి విమానాశ్రయం దాకా వచ్చి వెనక్కి పోయాడు. ఈసారి విజిట్ వీసా మీద వచ్చి, రాజేశం కంపెనీలోనే సముద్రం అంచుకు రాళ్ళు పేర్చే పని చూసుకున్నాడు. అతని గడువు శనివారంతో తీరుతుంది. పని వీసా ఇస్తామని ముదీర్, అంటే మేనేజరు, మాటిచ్చాడు గానీ దానికి షరతుంది: ముందు దేశం దాటాలి, పాస్‌పోర్టులో దాటినట్టు ముద్ర పడాలి, అప్పుడే కొత్త వీసా వస్తుంది. మేస్త్రీ వీసా మిగిలింది ఒక్కటే. ఎవరు ముందు దాటితే అది వాళ్ళది.

అందుకని అందరూ కిష్ అనే ఇరాన్ దీవికి విమానంలో పోయి, వీసా వచ్చేదాకా అక్కడ పడి ఉంటారు. గంగాధర్‌కు గురువారం విమానంలో సీటు చెప్పి ఉంచాడు రాజేశం.

"వారమని పోయినోళ్ళు నెల దాటినా రాలేదట సారూ" అన్నాడు గంగాధర్ నాతో. "ఈసారి గూడ ఉత్త చేతుల్తోని పోతే ఊర్ల మొకం ఎట్ల సూపియ్యాలె?"

జెబెల్ అలీ: సముద్రం కూడా శిఖమే

బుధవారం రాజేశం మమ్మల్ని జెబెల్ అలీ అవతల తన పని చోటికి తీసుకుపోయాడు. సముద్రంలో ఒక ఓడ నిలబడి అడుగునున్న ఇసుకను పీల్చి, ఇంద్రధనుస్సంత ఎత్తున గాల్లోకి చిమ్ముతోంది. అది పడిన చోట నేల లేస్తోంది. పైనుంచి చూస్తే ఖర్జూరపు చెట్టు ఆకారంలో ఉంటుందట. కింద నిలబడితే తడి ఇసుక, డీజిల్ కంపు తప్ప ఏ చెట్టూ కనిపించదు. పై నుంచి చూసేవాళ్ళ కోసమే కడుతున్నారు కాబట్టి మనం ఫిర్యాదు చేయకూడదు.

చెరువు నీళ్ళు నిలిచే నేలను మా దగ్గర శిఖం అంటారు. దాన్ని దున్నడం నేరం. రెండు గుంటల శిఖంలో నువ్వులు చల్లుకున్న ముసలాయన్ని నేనే నోటీసిచ్చి లేపించాను. ఇక్కడ సముద్రం శిఖాన్నే పూడ్చేస్తున్నారు. కబ్జా చేసేవాడూ సర్కారే, పట్టా రాసేదీ సర్కారే. ఇక నోటీసిచ్చేదెవరు?

"ఇంత ఎడారి పెట్టుకుని సముద్రంల ఇసుక ఎందుకు తోడుతున్నరు?" అని అడిగాను.

"ఎడారి ఇసుక పనికి రాదు బావా. గాలికి నున్నగైపోయింది, నిలవది" అన్నాడు రాజేశం.

దేశమంతా ఇసుకే, అందులో పనికొచ్చేది లేదు. ఇంకాస్త దూరంలో ప్రపంచ పటం ఆకారంలో దీవులు చేసి ఒక్కో దేశాన్ని అమ్ముతున్నారని కూడా చెప్పాడు. ఇండియాకు ఎవరైనా బయానా ఇచ్చారా అని అడిగాను. తెలియదన్నాడు. తెలుసుకుని చెప్పమన్నాను.

గంగాధర్ కొత్త నేల మీద కాలితో తట్టి చూస్తున్నాడు. "సారూ, మొన్నటిదాక ఇది సముద్రమేనాయె. ఈడ నిలవడితే దేశం దాటినట్టు కాదా?" అన్నాడు.

అందరం నవ్వాం. నాకు మాత్రం అక్కడే పురుగు కుట్టింది. కూర్చుని నక్షా విప్పాను. తూర్పు కొండల్లో, నాలుగు పక్కలా ఈ దేశమే ఉండగా, నడుమ ఒక ముక్క ఒమాన్ రంగులో ఉంది. పేరు మద్హా. చెక్‌పోస్టు గుర్తు లేదు. రోడ్డు నేరుగా లోపలికి పోతోంది.

"విమానమెందుకు? కారుల రెండు గంటలు. ఒమాన్‌ల కాలు పెట్టి, పోలీస్ ఠాణాల ముద్ర ఏయించుకుని, మాపటికి వాపస్ రావొచ్చు" అన్నాను.

"వద్దు బావా. అట్ల ఎవలూ పోరు. సీటు చెప్పి పెట్టిన."

"సర్వేయరువు నువ్వా, నేనా?"

బావ మాటకు ఎదురు చెప్పే అలవాటు మా ఇళ్ళలో లేదు. రాజేశం సీటు వదులుకున్నాడు. గంగాధర్ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. పొలం కొలిచి నీదేనని చెప్పినప్పుడు రైతు అలాగే చూసేవాడు.

మసాఫీ దారి: కొండలు కిందికి పోతున్నాయి

గురువారం పొద్దున్నే రాజేశం పనికి పోతే, మా ఇద్దరి కోసం నెల్లూరు మస్తాన్ కారు తెచ్చాడు. ఇరవై ఏళ్ళుగా ఈ దేశంలో బండి తోలుతున్న మనిషి. మేం ఎందుకు పోతున్నామో చెప్పాను.

"నేనెప్పుడూ ఇనలేదు సార్ ఇట్టాంటిది. అయినా మీరు సదువుకున్నోళ్ళు, తెలిసే చెప్తా ఉంటారు" అన్నాడు.

ఆ మాటలో వెటకారం ఉందేమోనని అప్పుడు తోచలేదు.

దారి పొడవునా ఎదురుగా బండరాళ్ళ లారీలే. తూర్పు కొండలను పగలగొట్టి పడమటి సముద్రంలో వేయడానికి తీసుకుపోతున్నారు. ఒక షేకు కొండ ఎత్తు తగ్గుతుంటే ఇంకో షేకు దేశం వెడల్పు పెరుగుతోంది. ఏ షేకు ఎక్కడ మొదలవుతాడో కూడా అంతుబట్టదు. ఇది షార్జా అన్నాడు మస్తాన్. కాసేపటికి ఇది ఫుజైరా అన్నాడు. మలుపు తిరిగాక మళ్ళీ షార్జా. నలుగురన్నదమ్ములు పదిసార్లు పంచుకున్న పొలాల్లోనే ఇలాంటి నక్షాలు చూశాను నేను.

మసాఫీ దగ్గర రోడ్డు పక్క సంతలో తివాచీలు, కుండలు, పళ్ళు అమ్ముతున్నారు. కాల్చిన మొక్కజొన్న కంకి ఐదు దిర్హాములన్నాడు అమ్మేవాడు. మా ఊళ్ళో ఆ డబ్బుతో గంపెడు వస్తాయని తెలుగులోనే చెప్పాను. అతనికి భాష రాకపోయినా భావం అర్థమైనట్టుంది, కంకి వెనక్కి తీసుకున్నాడు. చివరికి గంగాధరే మూడు కొని, ఒకటి నా చేతిలో పెట్టాడు.

మద్హా: మాఫీ, ఖతం

గేటు లేదు, గొలుసు లేదు, అడిగేవాడు లేడు. ఒక మలుపు దగ్గర జెండా మారింది, అంతే. గంగాధర్ జేబులో ఫోను కుయ్యిమంది. ఒమాన్‌కు స్వాగతమని సందేశం.

"సారూ, ఫోనే చెప్తుంది!" అన్నాడు గంగాధర్. అతని మొహం వెలిగిపోయింది. నా మొహం సంగతి చెప్పక్కర్లేదు.

ఠాణా ముందు దింపి, నమాజు వేళైందని మస్తాన్ మసీదుకు పోయాడు. లోపల ఒకే ఒక పోలీసాయన. కూర్చోబెట్టి, ఖర్జూరాలు, చిన్న గిన్నెల్లో చేదు కాఫీ ఇచ్చాడు. మా ఠాణాల్లో నేను వెళ్ళినా కుర్చీ చూపించరు. గంగాధర్ పాస్‌పోర్టు ముందు పెట్టి, ముద్ర వేస్తున్నట్టు పిడికిలితో బల్ల మీద గుద్ది చూపించాను. ఆయన నవ్వి, పేజీలు తిరగేసి, పాస్‌పోర్టు మూసి, రెండు చేతులతో గంగాధర్‌కు అందించాడు.

"మాఫీ ఖతం" అన్నాడు. మేమింకా చూస్తుంటే చెయ్యి ఊపి మళ్ళీ అన్నాడు, "మాఫీ ఖతం."

ఇక్కడ నా పాండిత్యం గురించి ఒక మాట చెప్పాలి. మా రెవెన్యూ శాఖలో సగం మాటలు అరబ్బీ నుంచి వచ్చినవే. తహసీలు వాళ్ళదే, హద్దు వాళ్ళదే, కబ్జా వాళ్ళదే. మాఫీ చేయడం, ఖతం కావడం నేను రోజూ ఫైళ్ళలో రాసిన మాటలు. కాబట్టి గంగాధర్ భుజం తట్టి అనువదించాను: "మాఫీ చేసిండు. నీ పని ఖతం."

"ముద్ర ఏయలేదు గద సారూ?"

"మాఫీ అయినంక ముద్రెందుకు? కంప్యూటర్ల ఎక్కిచ్చుకుంటరు."

కంప్యూటరు అక్కడ ఉందో లేదో కూడా నేను చూడలేదు. గంగాధర్ పోలీసాయన చేతులు పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. ఆయన కంగారుపడి ఇంకో నాలుగు ఖర్జూరాలు ఇచ్చాడు.

నహ్వా: ఎవరి మనిషివి?

మస్తాన్ తిరిగొచ్చి "అయిందా?" అన్నాడు. అయిందన్నాం. "పొద్దున ఎవురి మొకం చూసి లేచినారో" అన్నాడు.

పని అయిపోయింది కదా అని నేను ఊరు చూస్తానన్నాను. మద్హా లోపలికి పోతే నహ్వా అనే ఇంకో పల్లె ఉంది, అది మళ్ళీ ఒమాన్ కాదు, షార్జా వాళ్ళది. అంటే దేశంలో పరదేశం, పరదేశంలో స్వదేశం. దారిలో టీకొట్టు దగ్గర ఒక తెల్లగడ్డం పెద్దాయన కూర్చుని ఉన్నాడు. కుర్రతనంలో బొంబాయిలో పనిచేశాడట, హిందీ బాగా మాట్లాడతాడు. ఇదంతా ఎలా అయిందని అడిగాను.

తాతల కాలంలో ఒక తెల్లదొర వచ్చి పల్లె పల్లెకూ అడిగాడట, మీరెవరి మనుషులని. ఈ పల్లె పెద్దలు కూర్చుని ఆలోచించారు. చుట్టుపక్కల షేకులు దగ్గర, రోజూ తగవులు. మస్కట్ సుల్తాను దూరం, ధనవంతుడు. మేం సుల్తాను మనుషులమన్నారు. లోపలి పల్లెవాళ్ళు మాత్రం మేం షార్జా వాళ్ళమన్నారు. దొర అలాగే గీత గీశాడు.

దూరపు కొండలు నునుపని ఇక్కడివాళ్ళకూ తెలుసన్నమాట. నా ఉద్యోగంలో ఎన్ని హద్దురాళ్ళు పాతించానో లెక్కలేదు గానీ, నువ్వెవరి మనిషివని ఒక్క ఊరినీ అడగలేదు. ఆ మాట హిందీలో చెబితే పెద్దాయన పెద్దగా నవ్వి, గంగాధర్‌ను చూపించి, "ఇతను ఎవరి మనిషి?" అన్నాడు.

గంగాధర్ వెంటనే కంపెనీ పేరు చెప్పాడు. ముదీర్ పేరు కూడా చెప్పాడు. ఇంకా వీసా రాలేదని గుర్తొచ్చి సిగ్గుపడ్డాడు.

నహ్వాలో నలభై దాకా ఇళ్ళు, మేకలు, ఒక జెండా. గంగాధర్ అక్కడ రాళ్ళ గోడ కట్టుబడిని చేత్తో తడిమి చూసి, మట్టి లేకుండా బాగా పేర్చారన్నాడు. ఆ రోజంతా అతను ఎంత సంతోషంగా ఉన్నాడంటే, మస్తాన్ పాట పాడితే చప్పట్లు కొట్టాడు.

ఖోర్ ఫక్కాన్: మస్తాన్ బ్రేకు

సాయంత్రం ఖోర్ ఫక్కాన్ తీరంలో వేయించిన చేప, రొట్టె తిన్నాం. మనిషికి పన్నెండు దిర్హాములు. గంగాధర్ మా అందరికీ తనే ఇస్తానని పట్టుబట్టాడు, ఇచ్చాడు కూడా. బయలుదేరాక మస్తాన్ అడిగాడు.

"ముద్దరకి ఎంత తీసుకున్నాడు సార్?"

"ఒక్క పైసా తీసుకోలేదు. మాఫీ చేసిండు."

"ఏం చేసినాడు?"

"మాఫీ ఖతం అన్నడు. రెండుసార్లు అన్నడు."

మస్తాన్ బండి పక్కకు తీసి బ్రేకు వేశాడు. వెనక్కి తిరిగి నా మొహంలోకి చూశాడు. "సార్, ఈళ్ళ భాషలో మాఫీ అంటే లేదని. ఖతం అంటే ముద్దర. 'ముద్దర లేదు, ఈడ కొట్టం' అని చెప్పినాడు సార్ ఆయన."

గంగాధర్ పాస్‌పోర్టు తీసి ఒక్కో పేజీ తిప్పి చూశాడు. అన్నీ చూసి, మళ్ళీ మొదటి నుంచి చూశాడు.

మస్తాన్ బండి వెనక్కి తిప్పబోతే నేనే ఆపాను, తిరిగి పోయి ఏం చేస్తాం? అసలు ఒమాన్ గేటు వేరే చోట ఉందట, అక్కడ మనవాళ్ళకు ఒమాన్ వీసా కావాలట. గురువారం విమానం అప్పటికే వెళ్ళిపోయి ఉంటుంది. నక్షా నా ఒళ్ళోనే ఉంది. దాన్ని చింపి కిటికీలోంచి పారేయాలనిపించింది.

"గంగాధర్, తప్పు నాది" అన్నాను.

"పోనియ్యుండ్రి సారూ. మీరు కావాలని జేసిండ్రా?" అన్నాడు.

తిట్టి ఉంటే బాగుండేది. దుబాయ్ చేరేదాకా అతను ఆ పాస్‌పోర్టును జేబులో పెట్టుకోలేదు, చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

మళ్ళీ దుబాయ్: శనివారం

శుక్రవారం అన్నీ మూసివేత. రాజేశం నన్నొక్క మాట అనలేదు. అతను అనకపోవడం చూసి మెస్‌లో పప్పు రెండోసారి అడగలేదు నేను. శనివారం పొద్దున ఎవరో టికెట్టు వదులుకుంటే గంగాధర్‌కు కిష్ విమానంలో సీటు దొరికింది. గడువు తీరే రోజునే దాటాడు. విమానాశ్రయంలో నా నంబరు కాగితం మీద రాసిచ్చాను. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి దాచుకున్నాడు.

గురువారం గంగాధర్ వదిలిన సీటులో గోరఖ్‌పూర్ మేస్త్రీ ఒకడు పోయాడని ఆ మధ్యాహ్నం తెలిసింది. ఉన్న ఒక్క మేస్త్రీ వీసా ఆ గోరఖ్‌పూర్ మనిషికే దక్కింది. అందులో అతని తప్పేమీ లేదు, నా నక్షానే అతనికి దారి చూపింది. రాజేశం ముదీర్‌ను బతిమాలితే, కఫీల్‌కు, అంటే ఈ వీసాలన్నిటికీ పూచీ పడే అరబ్బు యజమానికి, వేరే వ్యాపారాలు కూడా ఉన్నాయి, ఏ వీసా ఖాళీగా ఉంటే అది పంపిస్తానన్నాడట.

ఆదివారం నేను ఇంటికి బయలుదేరాను. విమానం పైకి లేచాక పక్క సీటాయన మోచేత్తో పొడిచి కిటికీ చూపించాడు. నీళ్ళ మధ్య ఖర్జూరపు చెట్టు స్పష్టంగా కనిపించింది. బాగానే కట్టారు. దాని అంచున రాళ్ళు పేర్చే మనుషులు అంత ఎత్తు నుంచి కనిపించరు.

జగిత్యాల: ఫోను

ఇంటికొచ్చాక అందరూ ఆ దేశం ఎంత ఉందని అడిగారు. పెద్దగానే ఉందన్నాను. నేను వచ్చిన ఇరవై ఆరో రోజు మధ్యాహ్నం అన్నం తింటుంటే ఫోను మోగింది.

"సారూ, నేను గంగాధర్‌ను. కిష్‌లకెల్లి జేస్తున్న."

"వీసా వచ్చిందా?"

"అచ్చింది సారూ. ఈడ ఒక మలబారాయన సదివి చెప్పిండు. పని అన్న కాడ చేపలు వట్టెటోడు అని రాసిండ్రట. నాకు ఈత గూడ రాదు. పనేమో సముద్రం పూడ్సుడు. కాయిదమేమో చేపలు వట్టుడు. రేపు ఎవలన్న పట్టుకుని అడిగితే ఏమైతది సారూ? పోవాల్నా, ఇంటికి రావాల్నా? మీరు చెప్పుండ్రి."

నోటి నిండా జవాబులు వచ్చాయి. తర్వాత మార్పించుకోవచ్చనీ, కాగితం ఉంటే చాలనీ, ఎవరూ అడగరనీ. అందులో ఏ ఒక్కటీ నాకు నిజంగా తెలియదు.

"నాకు తెల్వది గంగాధర్" అన్నాను.

ముప్ఫయ్యొక్కేళ్ళలో నన్ను అడిగిన ఏ మనిషితోనూ ఆ మాట అనలేదు. అవతల ఏదో భాషలో మైకు వినిపిస్తోంది, మనుషుల సందడి వినిపిస్తోంది.

"ఏం గాదు సారూ" అన్నాడు గంగాధర్. "ఇమానం ఎక్కే లైన్లనే ఉన్న. మీకు చెప్పి ఎక్కుదామని జేసిన."